సెక్యూరిటీ క్లియరెన్స్: డిప్రెషన్‌కి మాత్రలు వాడుతుంటే రాదా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వర్జీనియాలో ఉంటాను. పదేళ్లప్పుడు అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చాను, కాలేజీలో చేరేలోపే సిటిజన్‌షిప్ వచ్చేసింది. ఇప్పుడు ఒక డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఆఫర్ వచ్చింది, సీక్రెట్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి అనుమతి, కావాలన్నారు. దానికి నింపాల్సిన ఎస్ఎఫ్-86 ఫారం తెరిచి కూర్చుంటే చెయ్యి ఆడటం లేదు. రెండేళ్ల క్రితం నాన్న పోయారు, ఆ తర్వాత నెలల తరబడి నిద్ర లేక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను, డిప్రెషన్ అన్నారు, మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఇంకోటి, ఐదేళ్ల క్రితం కొలరాడోలో చదివేటప్పుడు రెండుసార్లు గంజాయి తాగాను. మా బావేమో ఏదీ రాయొద్దు, మాత్రలు కూడా ఈ నెలే మానెయ్ అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్ముడూ, ముందు ఆ మాత్రలు మానకు. కౌన్సెలింగ్‌కి వెళ్లారా అని అడిగే పాత ప్రశ్నని 2016లోనే మార్చారు. ఇప్పుడు 21వ సెక్షన్‌లో అడిగేది కోర్టు ఉత్తర్వులు, ఆసుపత్రిలో చేర్చడం, స్కిజోఫ్రేనియా, బైపోలార్ లాంటి కొన్ని జబ్బుల గురించి. ఆ జబ్బుల పేర్లలో డిప్రెషన్ లేదు. చివర్లో మాత్రం, నీ విచక్షణనీ నమ్మకస్తుడిగా ఉండటాన్నీ బాగా దెబ్బతీసే సమస్య ఏదైనా ఉందా అని అడుగుతారు, దానికి నీ డాక్టర్‌తో మాట్లాడి నిజాయితీగా జవాబు రాయి. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో, కౌన్సెలింగ్‌కి వెళ్లారన్న ఒక్క కారణంతో ఎవరినీ తప్పుగా అనుకోకూడదని స్పష్టంగా ఉంది. పైగా విచక్షణ దెబ్బతినే జబ్బుకి డాక్టర్ చెప్పిన వైద్యం పాటించకపోవడమే అనుమానించాల్సిన విషయాల్లో ఒకటి, అంటే మీ బావ చెప్పింది పూర్తిగా ఉల్టా.

గంజాయి సంగతి వేరు. కొలరాడోలో చట్టబద్ధమే కావచ్చు, ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించేది, ఒప్పుకోదు. ఫారం గత ఏడేళ్లు అడుగుతుంది కాబట్టి రాయాల్సిందే. రెండుసార్లే, ఆపేసి ఐదేళ్లయింది, ఇక ముట్టనని సంతకం పెట్టి ఇవ్వగలవు, ఇవన్నీ నీకు అనుకూలమే.

జవాబు 2:
నేను దాచి చూశాను, అందుకే చెప్తున్నాను. కాలేజీలో ఉండగా తాగి బండి నడిపి పట్టుబడ్డాను. ఏడేళ్లు దాటిపోయిందిలే అనుకుని ఫారంలో వదిలేశాను, కానీ మందు, డ్రగ్స్ కేసులకి ఆ గడువు లేదు, ఎప్పుడు జరిగినా చెప్పాలి. పంపేశాక పది రోజులు అన్నం సహించలేదు. ఇంటర్వ్యూలో విచారణకి వచ్చిన ఆఫీసరావిడ నా కాగితాలు తిప్పుతూ ఇంకా ఆ పేజీకి రాకముందే, మేడమ్, ఒకటి రాయలేదు అని గబగబా చెప్పేశాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, తర్వాత మళ్లీ తీసుకుని, తేదీ చెప్పండి అన్నారు. క్లియరెన్స్ వచ్చింది, కానీ ఎదురుచూపులు నరకం. వాళ్లు అడగకముందే సొంతంగా సరిదిద్దుకుంటే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు, దొరికిపోయాక చెప్తే ఆ విలువ ఉండదు. కావాలని అబద్ధం రాస్తే ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం కూడా.

జవాబు 3:
ఇండియాలో పొలం, బ్యాంకు ఖాతా నీ పేరు మీద ఉంటే అవీ రాయి. మనవాళ్లు చాలామంది మర్చిపోయేది అదే.

ప్రశ్న అడిగినవారు:
తెనాలి దగ్గర నాన్న పేరున అరెకరం ఉంది, నా పేరుకి మారిందో లేదో ఇప్పుడే అమ్మని అడిగాను. గంజాయి సంగతి ఉన్నదున్నట్టు రాశాను. రాత్రి మాత్ర వేసుకున్నాను, గురువారం డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది.