అప్‌డేట్: చెన్నైలో చెల్లికి హాస్టలా, పీజీనా అని అడిగాను కదా

ఐఐటీ మద్రాస్‌లో ఎమ్మెస్ సీటొచ్చిన మా చెల్లిని క్యాంపస్ హాస్టల్లో ఉంచాలా, వేళచ్చేరిలో పీజీ చూడాలా అని అడిగాను. ఎక్కువమంది హాస్టలే అన్నారు. అదే చేశాం, శరావతిలో రూమ్ వచ్చింది. అక్కడ హాస్టళ్ళకి నదుల పేర్లు పెట్టారు. అబ్బాయిల వైపు గోదావరి, కృష్ణ కూడా ఉన్నాయని తెలిశాక అమ్మకి సగం టెన్షన్ పోయింది. ఎందుకో అడక్కండి!

పీజీ కూడా చూశాం. గది నిజంగా బాగుంది, ఏసీ ఉంది. కానీ రాత్రి పదికి గేటు వేసేస్తారట. ల్యాబ్ పని ఆ టైముకి అయిపోతుందని ఎవరు చెప్పగలరు? అక్కడే తేలిపోయింది.

సెకండ్‌హ్యాండ్ సైకిల్ కొనమన్న అన్నయ్యకి స్పెషల్ థాంక్స్. దాదాపు 250 హెక్టార్ల క్యాంపస్, నడిస్తే కాళ్ళు పడిపోతాయి. బస్సులున్నాయి గానీ క్లాసుకి టైమైనప్పుడు సైకిలే దిక్కు.

కోతుల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. పక్కనే గిండీ నేషనల్ పార్క్, జింకలు రోడ్డు మీదే తిరుగుతాయి, చూడ్డానికి ముచ్చటే. కోతులు అలా కాదు. కిటికీ తెరిచి వెళ్తే గోంగూర పచ్చడి సీసాతో సహా పోయింది. ఇప్పుడు తినేవన్నీ అల్మారాలో పెట్టి తాళం వేస్తోంది.

మెస్ సాంబార్ మీద రోజూ ఫిర్యాదే. పీజీకి కట్టిన టోకెన్ అడ్వాన్స్ ఇంకా తిరిగి రాలేదు, ఫోన్ చేస్తూనే ఉన్నాం.