అప్‌డేట్: న్యూరోఫీడ్‌బ్యాక్‌లో బీటా బార్ దానంతటదే లేవడం, కారణం దొరికింది

ధ్యాస పెట్టినా పెట్టకపోయినా ఈఈజీ న్యూరోఫీడ్‌బ్యాక్‌లో (తల మీది ఎలక్ట్రోడ్లతో మెదడు తరంగాలు కొలిచి, వాటిని తెర మీద చూస్తూ మార్చుకునే సాధన) బీటా బార్, అంటే బీటా తరంగాల బలం చూపే గీత, పైకే పోతోందని ఇంతకుముందు అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. గుంటూరులో ఒక ఈఈజీ టెక్నీషియన్ గారు చూసి తేల్చారు: అది మెదడు కాదు, దవడ! పళ్లు బిగిస్తే కండరాల సిగ్నల్ 20 హెర్ట్జ్ పైనంతా కమ్మేస్తుంది, బీటాలో పై భాగం ఉండేదీ అక్కడే మరి. కావాలని పళ్లు కొరికి చూడండి, బార్ ఎగిరిపడుతుంది. పెదాలు కాస్త విడిచి, నాలుక వదులుగా పెడితే కూలబడుతుంది.

కణత దగ్గరి టీ3 అనే చోటు నుంచి ఎలక్ట్రోడ్‌ను నడినెత్తి మీది సీజెడ్ అనే చోటుకి మార్చాం. చర్మం జెల్‌తో రుద్ది ఇంపిడెన్స్ (ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య విద్యుత్ అడ్డంకి) 5 కిలో ఓమ్‌ల లోపుకు తెచ్చాం. 30 హెర్ట్జ్ పైన ఇన్‌హిబిట్ (ఆ సిగ్నల్ పెరిగితే రివార్డ్‌ను ఆపే సెట్టింగ్) పెట్టాక, దవడ బిగిస్తే రివార్డే, అంటే సరిగ్గా చేస్తున్నామని ప్రోగ్రాం ఇచ్చే సూచనే, ఆగిపోతోంది. చాలామంది అనుమానపడ్డ ఇన్వర్టర్‌కి దీంతో సంబంధం లేదు; కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోలను తీసేసే నాచ్ ఫిల్టర్ వేసినా బార్ తగ్గలేదు.