ఆరేళ్ల పాపతో ప్లానెటేరియం: ముందు ఏం చూడాలి?

ప్రశ్న:
వచ్చే ఆదివారం మా పాపని మొదటిసారి ప్లానెటేరియానికి తీసుకెళ్తున్నాం. చీకటంటే భయం, కానీ చంద్రుడి గురించి రోజుకి పది ప్రశ్నలు వేస్తుంది. పక్కనే సైన్స్ మ్యూజియం, తోట ఉన్నాయి. ఒక్క పూటలో అన్నీ అవుతాయా? షో మధ్యలో ఏడిస్తే ఎలా అన్నదే నా టెన్షన్.

జవాబు 1:
షో ముందు పెట్టుకోండి. మేం మ్యూజియమంతా తిరిగి చివరి షోకి వెళ్తే, లైట్లు తగ్గగానే మావాడు నా ఒళ్లో నిద్రపోయాడు, శని వలయాలొచ్చినా లేవలేదు, ఇప్పటికీ బాధే. చాలా చోట్ల లైట్లు ఒక్కసారిగా ఆర్పరు, గుమ్మటం మీద సూర్యాస్తమయం చూపిస్తూ మెల్లగా చీకటి చేస్తారు. "సాయంత్రమవుతుంది, తర్వాత చుక్కలొస్తాయి" అని పాపకి ముందే చెప్పండి. వెనక వరుసలో తలుపు దగ్గర కూర్చుంటే మెడ నొప్పి ఉండదు, ఏడిస్తే బయటికి రావడమూ తేలిక. కళ్లు తిరిగినట్టుంటే కాసేపు మూసుకోమనండి. ఆలస్యంగా మాత్రం వెళ్లకండి, మొదలయ్యాక లోపలికి రానివ్వకపోవచ్చు.

జవాబు 2:
షో ముందే, కానీ తోటలో నీడగడియారం ఉంటే లోపలికెళ్లే ముందు ఒక్క ఐదు నిమిషాలు అక్కడ ఆగండి. నీడ అంచున చిన్న రాయి పెట్టించండి. షో అయ్యాక వచ్చి చూస్తే నీడ రాయిని వదిలి జరిగిపోయి ఉంటుంది, భూమి తిరుగుతోందని వేరే చెప్పక్కర్లేదు. మీ చేతి వాచీతో టైము కలవకపోతే అది పాడైందనుకోకండి, వాచీది దేశమంతటికీ ఒకటే టైము, నీడది ఆ చోట సూర్యుడు చెప్పే టైము.

జవాబు 3:
మ్యూజియంలో గ్రహాల మీద బరువు చూపించే యంత్రం ఉంటే వదలొద్దు. 20 కిలోల పిల్ల చంద్రుడి మీద 3 కిలోల పైచిలుకు, గురుడి మీద 50 కిలోల దగ్గర తూగుతుంది, మా అమ్మాయి దిగనంది! షో జరిగే హాలు మధ్యలో రెండు గుండ్రటి తలల నల్లటి యంత్రం కనిపిస్తే అదే చుక్కలు చూపించే పాతకాలపు ప్రొజెక్టర్. ప్లానెటేరియం ప్రొజెక్టర్లలో మొట్టమొదటిదాన్ని జైస్ కంపెనీ చేసింది, 1923లో మ్యూనిక్‌లో చూపించారు. మిగతా గదులు ఇంకోసారికి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. రాయి ఇప్పుడే ఏరి పెట్టుకుంది. క్యాలెండర్ చూశాను, ఆ రోజు శుద్ధ సప్తమి, పొద్దుగూకేసరికి సగం చంద్రుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు. ఇంటికొచ్చి డాబా మీద బైనాక్యులర్‌తో ఆ వెలుగు-నీడ గీత దగ్గరి గుంటలు చూపిస్తాను.