పడకగది గోడకు నల్ల మచ్చలు, పాపకు దగ్గు: మందు చెప్పండి

తడిగోడ: మధ్యాహ్నం నుంచి గోడ రుద్ది రుద్ది చేతులు పడిపోయాయి. బీరువా వెనక అరచేయంత మచ్చలు, ముట్టుకుంటే మసిలా అంటుకుంటున్నాయి. పోయిన నెలే బ్లీచింగ్ పౌడరుతో కడిగి రంగు వేయించాం. రంగు పొక్కులు లేచి మళ్లీ అదే నలుపు. పాపకు రాత్రంతా దగ్గు. డాక్టరు అలర్జీ అని సిరప్ రాశారు. ఈ బూజు మళ్లీ రాకుండా చేసే మందు ఏదైనా ఉందా?

నీలిమేఘం: గోడ అవతల ఏముంది?

పల్లెగాలి: అమ్మా, సూక్ష్మజీవి అనగానే చంపే మందు అడగడం ఈ కాలపు జబ్బు. అమెరికాలో పశువుల కొట్టాల పక్కనే పెరిగే అమిష్ అనే క్రైస్తవ వర్గం పిల్లలకు, యంత్రాలతో సేద్యం చేసే హటరైట్లు అనే అలాంటి మరో వర్గం పిల్లలకంటే ఆస్తమా చాలా తక్కువని 2016లో తేల్చారు. కిటికీలు తెరవండి. పాపను మట్టిలో ఆడనివ్వండి.

క్షారం: అయ్యా, కొట్టంలో దుమ్ము వేరు, తడిగోడ బూజు వేరు. దగ్గే పిల్లను ఈ గదిలో పడుకోబెట్టి ఆరోగ్యం పెంచుతారా? తడిగోడ గారూ, బ్లీచింగ్ పౌడరును బాత్‌రూమ్ యాసిడ్‌తో మాత్రం కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

శంకాసురుడు: నల్ల బూజంటే స్టాకీబాట్రిస్ అనే విషపు రకం! ఊపిరితిత్తుల్లో రక్తం కారుతుందట. ఇల్లు ఖాళీ చేయండి.

క్షారం: నల్లనిదల్లా అదే కాదు, ఇళ్లలో మామూలుగా కనిపించే క్లాడోస్పోరియం కూడా నల్లగానే ఉంటుంది. మీరు చెప్పే రక్తం కథ అమెరికాలోని క్లీవ్‌లాండ్ ఊరి పసిపిల్లలది. దానికి ఆ బూజే కారణమని రుజువు కాలేదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2000లోనే చెప్పింది. ఏ రకమైనా తీసేయాల్సిందే, పేరుతో పనేమిటి?

శంకాసురుడు: పేరు తెలియకుండా వైద్యం ఎలా చేస్తారండీ?

నీలిమేఘం: అవతల ఏముందో ఇంకా చెప్పలేదు.

తడిగోడ: బాత్‌రూమ్. షవరు ఆ గోడకే ఉంది. దానికీ దీనికీ సంబంధమా? గదిలో రాత్రంతా ఏసీ, కిటికీలు తెరవం.

నీలిమేఘం: సంబంధం అదే. షవరు పైపు, టైల్స్ సందులు చూపించండి. నీరు ఆగి గోడ పూర్తిగా ఆరేదాకా రంగు జోలికి వెళ్లకండి. ఉబ్బిన పుట్టీని తడిపి గీకించండి, పొడిగా గీకితే బూజు గది నిండా ఎగురుతుంది. మాస్కు ఉండాలి, పాప ఆ గదిలో ఉండకూడదు. బీరువా గోడకు జానెడు దూరంగా జరపండి. గదిలో తేమ 60 శాతం లోపు ఉండాలి, కొలిచే మీటరు చిన్నది దొరుకుతుంది.

పల్లెగాలి: అసలు దోషం ఏసీది. 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో లెజియనీర్స్ అనే న్యుమోనియా జబ్బు వచ్చింది ఎందువల్ల?

క్షారం: ఆ జబ్బు తెచ్చే బాక్టీరియా పెద్ద భవనాల ఏసీలకుండే కూలింగ్ టవర్ల నీటిలో పెరుగుతుంది. ఇంటి గోడకు తగిలించే ఏసీకి టవరు ఎక్కడిది?

పల్లెగాలి: ఏదైనా చల్లదనం కోసమే కదా.

తడిగోడ: ప్లంబరు వచ్చి చూశాడు, టైల్స్ పగలగొట్టాలట. అద్దె ఇల్లు, ఓనరు ఫోను ఎత్తడం లేదు. అందరికీ ధన్యవాదాలు.

శంకాసురుడు: అద్దె ఇల్లని ముందే చెప్పాలి కదండీ!