బ్రిటిష్ వాళ్లు రాకముందు మన సమాజం అసలు ఎట్లా నడిచింది? ఎక్కడ మొదలుపెట్టాలి?

చిక్కడపల్లి రీడర్

అన్నలూ అక్కలూ, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, పొద్దున్నే వచ్చి చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుంటే రాత్రికే రూమ్‌కి పోతా. నా నోట్స్ అంతా 1757 ప్లాసీ, 1764 బక్సర్ నుంచి మొదలవుతుంది, దానికి ముందు చూస్తే రాజుల పేర్లు, యుద్ధాలు, గుళ్లు, మధ్యలో ఒక్క లైను "గ్రామాలు స్వయం సమృద్ధంగా ఉండేవి" అని, అంతే. రూమ్మేట్ ఏమో అంతా స్వర్ణయుగం, తెల్లోళ్లొచ్చి పాడు చేశారు అంటాడు. క్లాసులో ఏమో వేల ఏళ్లు ఏ మార్పూ లేని సమాజం అని చెప్పారు. నాకు రెండూ నమ్మబుద్ధి కావట్లేదు. మామూలు మనిషి ఏం పని చేశాడు, నీళ్లు ఎవరిచ్చారు, పన్ను ఎవరికి కట్టాడు, ఇవి తెలుసుకోవాలని ఉంది. ఇంకోటి, హైదరాబాద్‌లో నిజాం ఉన్నాడు కదా, మరి మనకి "ముందు" అంటే ఎప్పటిదాకా లెక్క?

పాఖాల దిక్కు

తమ్ముడూ, చెరువు కాడికెళ్లి మొదలువెట్టు. రామప్ప గుడి శాసనం 1213ది, కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిండు, దగ్గర్లనే పెద్ద చెరువు. అందరు గుడి కాడ ఫోటోలు దిగి వస్తరు గని కట్ట ఎక్కి చూసేటోళ్లు తక్కువ. మా దిక్కు నేల ఎట్లుంటదంటే గుట్టలు, ఎర్రమట్టి, వానలు నాలుగు నెలలు, తర్వాత వాగులు ఎండుతయి. ఇసొంటి కాడ వరి పండాలంటే వాన నీళ్లను ఆపాలె. మీది చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దుంకితే ఆ నీళ్లు కింది చెరువుల పడతయి, అది నిండితే ఇంకో ఊరి చెరువుకు పోతయి, గొలుసుకట్టు అంటరు దాన్ని. మీది ఊరోళ్లు మత్తడి ఎత్తు జానెడు పెంచితే కింది ఊరు ఎండుతది, అంటే ఊర్ల నడుమ మాట, లెక్క, కొట్లాట, పంచాయితీ అన్నీ ఉండాల్సిందే, ఎవరి ఊరు వాళ్లదే అంటే ఎట్ల నడుస్తది? చెరువు కట్టినోళ్లకు, మంచిగ చూసుకునేటోళ్లకు దశబంధ మాన్యం అని భూమి ఇచ్చెటోళ్లు. కాకతీయుల కాలంల అడవి కొట్టుకుంట, చెరువులు తవ్వుకుంట కొత్త ఊర్లు లేసినయి. ఇది మార్పు కాకపోతే ఇంకేంది?

మా తాత నీరటికాడు. నేను చిన్నప్పుడు వెంట పోయేటోణ్ణి. చలికాలం తెల్లారకముందే పార భుజానేసుకొని పోయి, నడుముల దాక నీళ్లల్ల దిగి తూము బిరడా లేపెటోడు, తర్వాత కాలువ పొడుగునా నడుసుకుంట ఎవరి మడికి ఎంతసేపు అని గండి తీసుడు, మళ్ల మట్టితోని మూసుడు. ఆ కాడ పెద్ద రైతు గూడ ఆయన మాట వినాల్సిందే. కోతలైనంక కల్లం కాడ వడ్లు కొలిచి ఇచ్చెటోళ్లు. గని అదే ఊర్ల మంచినీళ్ల బావిల మా తాతను చేద వెయ్యనియ్యలే, ఎవరన్న పైనుంచి పోస్తే దోసిలి పట్టుకొని తాగాలె. ఊరందరికీ నీళ్లు పంచే మనిషి. ఈ రివాజు ఇంగ్లీషోళ్లు తెచ్చింది కాదు. స్వర్ణయుగం అన్న నీ రూమ్మేట్‌కు ఈ ముచ్చట చెప్పు.

కూకట్‌పల్లి, సొంతూరు చీరాల పక్కన

పై కామెంట్ రెండుసార్లు చదివాను అన్నా. నేను సముద్రం వైపు సంగతి చెప్తాను. చినగంజాం దగ్గర మోటుపల్లి అని ఇప్పుడు చిన్న ఊరు, కాకతీయుల టైమ్‌లో పెద్ద రేవు. అక్కడ వీరభద్రుడి గుడి మండపంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. పాత రాజులు ఏం చేసేవారంటే ఓడ తుఫానుకి దారితప్పి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో బంగారం, గుర్రాలు, రత్నాలు ఏమున్నా లాగేసుకునేవారట, మేం అలా చెయ్యం, ప్రాణాలకి తెగించి సముద్రం దాటొచ్చే వాళ్ల దగ్గర న్యాయమైన సుంకం తప్ప ఏమీ ముట్టుకోం అని రాయించాడు. సుంకం ఎంతో కూడా అందులోనే ఉంది, ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు. ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. దూరదేశం వ్యాపారికి భయం పోగొడితేనే మన సరుకు కదులుతుందని లెక్కేసుకున్న రాజ్యం అది, దాన్ని నిద్రపోయిన సమాజం అని ఎలా అంటారు.

ఆర్మూర్ అమ్మాయి

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం గురించి కూడా రాసుకో తమ్ముడూ, అక్కడి ఉక్కు పర్షియా దాకా పోయేది, కత్తులకి. ఇనుప ముక్కల్ని మట్టి మూసలో పెట్టి, మూత మూసి మట్టితో మెత్తి, బొగ్గుల కొలిమిలో గంటల తరబడి తిత్తులు కొట్టి, మెల్లగా చల్లారనిచ్చేవాళ్లు. తొందరగా చల్లారిస్తే ఆ గుణం రాదు. ఇదంతా కాగితం మీద లేదు, కమ్మరుల చేతుల్లో, కళ్లల్లో ఉంది, మంట రంగు చూసి చెప్పేవాళ్లు. అందుకే కొలిములు ఆరిపోయాక ఆ విద్య కూడా వాళ్లతోనే పోయింది, నాకు అది తలుచుకుంటేనే బాధ.

తార్నాక

"ముందు" ఎప్పటిదాకా అన్నావు కదా, ఒక్క తేదీ వెతక్కు, దొరకదు. గోల్కొండ ఏలిన కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687, తర్వాత మొఘలులు, 1724లో మొదటి నిజాం. ఇంగ్లీషు వాళ్లు మచిలీపట్నంలో 1611లోనే దిగారు, కానీ చాలాకాలం వాళ్లు పర్మిషన్ అడుక్కుని బట్టలు కొనుక్కునే వ్యాపారుల్లో ఒకళ్లు, అంతే. సంస్థానం చెయ్యి వాళ్ల కిందకి పోయింది 1798 సైన్య సహకార ఒప్పందంతో అనుకోవచ్చు. అయినా ఊళ్లో పన్ను వసూలు పద్ధతి మారింది నిజాం దివాన్ సాలార్‌జంగ్ తెచ్చిన 1865 జిలాబందీతో (రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టడం), అంటే నీ "ముందు" దర్బారుకి ఒకటి, రైతుకి ఇంకొకటి.

గోల్కొండలో భాష సంగతి కూడా చూడు, అక్కడి సుల్తాన్ ఇబ్రహీం కులీని తెలుగు కవులు మల్కిభరాముడని పిల్చుకున్నారు, ఫర్మానాలు ఫారసీతో పాటు తెలుగులో కూడా వచ్చేవి, ఎందుకంటే కింద లెక్కలు రాసే కరణానికి తెలుగే వచ్చు. అదే గోల్కొండ శిస్తు వసూలు హక్కుని వేలం వేసేది, ఎక్కువ పాడినవాడు ఆ డబ్బు రైతు దగ్గరే పిండుకోవాలి కదా. నువ్వు వారానికి ఒక పూట తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌కి రా, మొఘల్ కాలం కాగితాలు అక్కడున్నాయి, పర్మిషన్ లెటర్ తెచ్చుకుంటే చాలు. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం నీకు దగ్గరే, అదీ చూడు.

చిక్కడపల్లి రీడర్

అందరికీ చాలా థ్యాంక్స్, నోట్స్‌లో ఆ ఒక్క లైను కొట్టేశా. పాఖాల అన్నా, మీ తాత సంగతి చదివి చాలాసేపు పుస్తకం తెరవలేకపోయా. రామప్ప చెరువు కట్ట మీదికి పోతే తూము కనిపిస్తుందా?

పాఖాల దిక్కు

కనిపిస్తది. హన్మకొండల ములుగు మీదుగ పోయే బస్సు ఎక్కు, జంగాలపల్లి క్రాస్ కాడ దిగి ఆటోల పో. వానకాలం అయిపోతుండంగ పో, మత్తడి దుంకుతుంటది.