అప్‌డేట్: ‘యెహోవా రాఫా’ తెలుగు బైబిల్లో ఎందుకు దొరకదో తేలింది

అందరికీ వందనాలు. సండే స్కూల్ చార్టు కోసం దేవుని హెబ్రీ పేర్లు (యెహోవా యీరే, యెహోవా నిస్సీ లాంటివి) రాస్తుంటే తెలుగు బైబిల్లో యీరే, నిస్సీ దొరికాయి గానీ రాఫా, షాలోమ్, షమ్మా ఎంత వెతికినా కనబడట్లేదని ఇక్కడ అడిగాను కదా, ఆ సంగతి తేలిపోయింది. పేరు వదిలేసి వచనం పట్టుకుని వెతకమన్న అక్క సలహానే పనిచేసింది, చాలా థ్యాంక్స్ అక్కా. మన పాత అనువాదంలో ఆదికాండము 22:14లో యీరే, నిర్గమకాండము 17:15లో నిస్సీ అని హెబ్రీ పేరు అలాగే ఉంచారు, షాలోమ్ మాత్రం న్యాయాధిపతులు 6:24లో "యెహోవా సమాధానకర్త" అయింది, షమ్మా యెహెజ్కేలు 48:35లో "యెహోవా యుండు స్థలము" అయింది.

రాఫా సంగతి వేరు. బైబిల్ కాలేజీలో హెబ్రీ చెప్పే అయ్యగారు నిర్గమ 15:26 తీసి చూపించారు. "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే" అన్నచోట మూలంలో ఉన్నది ‘రోఫెఖా’ అట, రాఫా దాని ధాతువు (అంటే ఆ మాట పుట్టిన మూల పదం), అదే పాటల్లో ప్రార్థనల్లో పేరుగా స్థిరపడిపోయింది. అసలు యీరే కూడా నేరుగా దేవుని పేరు కాదు, అబ్రాహాము ఒక చోటికి పెట్టిన పేరు, నిస్సీ మోషే బలిపీఠానికి పెట్టినది. యీరే ధాతువుకి అర్థం చూడటం, దాన్ని మనవాళ్లు "చూచుకొనును" అనడం నాకైతే భలే నచ్చింది, చూడటమూ సమకూర్చడమూ రెండూ అందులోనే వచ్చేశాయి.

నా పాత పోస్టు కింద దేవుని పేరు యెహోవా అనాలా యాహ్వే అనాలా అన్న చర్చ బాగా సాగింది గానీ దీనికి దానితో పనిలేదు. బైబిల్ యాప్ మార్చి వెతికినా తేడా రాలేదు. చార్టులో ఇప్పుడు ప్రతి పేరు పక్కన రిఫరెన్సు కూడా రాశాం.