అల్పాచమనమా, అల్పాచమానమా?

మొన్న నాన్నని న్యూజెర్సీ నుంచి నయాగరాకి కారులో తీసుకెళ్ళాను. మూడు గంటలయ్యాక "అల్పాచమానానికి ఎక్కడైనా ఆపరా" అన్నారు, అంటే మూత్రానికి. రెస్ట్ ఏరియాలో ఆపితే వెళ్ళినంత వేగంగా వెనక్కొచ్చేశారు. ఇక్కడ తలుపులు నేలకి జానెడు పైనే ఆగిపోతాయి, పక్క సందులోంచి బయట తిరిగే మనుషులు కనిపిస్తుంటారు, ఇక గోడవారన వరసగా నిలబడే చోటికి ఆయన అసలు వెళ్ళలేరు. డెబ్బై ఏళ్ళ మనిషి ఇంకో రెండు గంటలు బిగబట్టుకుని కూర్చున్నారు. నాకు కడుపు తరుక్కుపోయింది. దారిలో ఉన్నట్టుండి "తల్లీ! కన్నడ రాజ్యలక్ష్మి! దయలేదా?" అన్నారు. పై పాదాలు గుర్తు రావడం లేదు, చెప్పండి. అలాగే నాన్న మొదట అన్న 'అల్పాచమానం'లో ఉండాల్సింది 'మ'నా, 'మా'నా?

కాకినాడ మాస్టారు: 'మ'నే. ఆఙ్ ఉపసర్గ, చమ్ ధాతువు, ఆచమనం. దీర్ఘానికి చోటే లేదు.

గుడివాడ: ధాతువు సరే మాస్టారూ, మా ఇంట్లో నాలుగు తరాలుగా 'మా'నే. అవమానం, విమానం పలికిన నోటికి అదే తిరుగుతుంది. నోట్లో నిలిచిందే మాట.

కరీంనగర్: మా దిక్కు "ఒంటికి పోయొస్త" అంటరు, ఏ తకరారూ లేదు.

డాలస్: దీర్ఘం సంగతి అలా ఉంచండి, ఆ మాటలో నీళ్ళున్నాయి చూశారా? వెళ్ళొచ్చి కాళ్ళు కడుక్కుని ఆచమనం చేసేవాళ్ళు కాబట్టే ఆ పేరు వచ్చిందని నా నమ్మకం. కాగితంతో సరిపెట్టే దేశంలో పెద్దాయన ఆ మాట అన్నారంటే అడిగింది నీళ్ళు కూడా. మరుగుదొడ్డిలో 'మరుగు' కూడా అంతే, ఇక్కడ అదీ లేదు.

కాకినాడ మాస్టారు: ఊహ బాగుంది, కానీ దానివల్ల 'మ' దీర్ఘం కాదు.

నెల్లూరు: పద్యం ఎవరూ చెప్పలేదే! "కుల్లాయుంచితి కోకచుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్" అని ఎత్తుకుంటుంది, శార్దూలం. శ్రీనాథుడి చాటువు. పరాయి రాజ్యంలో వాళ్ళ బట్టలు కట్టి, వాళ్ళ తిండి తిని, చివరికి "నేను శ్రీనాథుడన్" అని పేరు చెప్పుకోవాల్సి వచ్చింది. కవిసార్వభౌముడికే అలా ఉంటే మనమెంత! మీ నాన్నగారు సరైన చోట సరైన పద్యం తలుచుకున్నారు.

గుడివాడ: చాటువే, కావ్యాల్లో వెతక్కండి. అన్నట్టు, పల్నాటి మీద చెప్పినవి ఇంకా బాగుంటాయి.

పోస్ట్ పెట్టినవారు: అందరికీ ధన్యవాదాలు. నాన్నది తెనాలి దగ్గర పల్లె. అడిగితే 'మా'నే అన్నారు, తాతయ్య కూడా అలాగే అనేవారట. తిరిగొచ్చేటప్పుడు ఫ్యామిలీ రెస్ట్‌రూమ్ అని విడిగా గది, లోపల గడియ ఉన్న చోటు వెతికి ఆపాను. చేతికి నీళ్ళ సీసా ఇచ్చి, వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

కాకినాడ మాస్టారు: మంచి పని చేశారు. తెనాలి వాళ్ళు అన్నా సరే, 'మ'నే.

నెల్లూరు: అది వదిలేయండి, కుల్లాయి అంటే ఉత్త టోపీనా, పొడుగాటిదా?